మంత్రాల నవలలు చదివితే సైన్సు పాడవుతుందా?

కొంతకాలంగా మన పాఠకుల ఉత్తరాల్లో ఒక తగువు నడుస్తోంది. మాంత్రికులూ, మాయాద్వీపాలూ, రెక్కల గుర్రాలూ ఉన్న నవలలు చదవడం మంచిదా, చెడ్డదా అని. "సైన్సు పత్రిక చదివేవాళ్ళు అట్లాంటి పుస్తకాలు ముట్టుకోనే కూడదు. చదివితే కల్పిత విజ్ఞాన నవలలే చదవాలి" అని కొందరు రాస్తున్నారు. "కథను కథగా చదివితే ఎవరికేం నష్టం?" అని మరికొందరు ఎదురు ప్రశ్న వేస్తున్నారు. ఇవి కాక మూడో రకం ఉత్తరాలున్నాయి. నిజం చెప్పాలంటే అవే ఎక్కువ. "నేను ఫలానా నవల చదివాను. చాలా బాగుంది. ఆపకుండా చదివించింది. అందరూ చదవండి." అంతే! ఎందుకు బాగుందో, ఎక్కడ బాగుందో ఒక్క ముక్క ఉండదు. సినిమా పోస్టరు మీద కూడా ఇంతకంటే ఎక్కువ సమాచారమే ఉంటుంది.

ఈ తగువులో నేను రెండో పక్షం వాణ్ణి. మాయల నవలలు చదవవచ్చు. చదవాలి కూడా. అయితే మొదటి పక్షం వాళ్ళ భయం వట్టిదని మాత్రం నేను అనను. ఆ భయానికి కారణాలున్నాయి. ముందు నా పక్షం సాక్ష్యం చెప్పి, ఆ సంగతికి వస్తాను.

మీ అమ్మానాన్నల్ని, తాతయ్యల్ని అడిగి చూడండి. చిన్నప్పుడు 'చందమామ' కోసం ఎట్లా ఎదురుచూసేవాళ్ళో చెబుతారు. ఆ పత్రిక 1947లో మొదలైంది. ఇప్పుడు రావడం లేదు. అందులో 1954 నుంచి 'తోకచుక్క' అనే సీరియల్ వచ్చింది. ఆ తర్వాత 'రాకాసి లోయ', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం' ఇట్లా ఏళ్ళ తరబడి వచ్చాయి. ఒక్కొక్కటీ కొండవీటి చాంతాడంత పొడుగు! నెలకు నాలుగైదు పేజీలు చదివి, మాంత్రికుడి గుహ ముందు కథ ఆగిపోతే మళ్ళీ నెలదాకా పిల్లలు తల్లడిల్లిపోయేవాళ్ళు. ఇవన్నీ రాసినది దాసరి సుబ్రహ్మణ్యం గారు. పత్రికలో ఆ సీరియళ్ళ మీద ఆయన పేరు ఉండేది కాదు. చాలామంది పాఠకులు పెద్దవాళ్ళయ్యాకగాని, తమను అన్నేళ్ళు మాయ చేసిన మాంత్రికుడు ఎవరో తెలుసుకోలేకపోయారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ సీరియళ్ళు వస్తున్న కాలంలో 1952 నుంచి 1980 దాకా 'చందమామ' పని చూసినది కొడవటిగంటి కుటుంబరావు గారు. తెనాలి ఆయన. భౌతికశాస్త్రం చదివినవారు. మూఢనమ్మకాల్ని ఏమాత్రం సహించని రచయిత. పెద్దల కోసం సైన్సు వ్యాసాలు కూడా రాశారు. అట్లాంటి మనిషి నెలనెలా భూతాల్నీ, భేతాళుణ్ణీ దిద్ది అచ్చుకు పంపేవారు! ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ (1949–2012) ఆ కథల మధ్యే పెరిగి, భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రజ్ఞుడయ్యారు. తెలుగులో మంచి సైన్సు వ్యాసాలెన్నో రాశారు. మంత్రాల కథలు చదివితే సైన్సు బుర్ర పాడవుతుందనేవాళ్ళు ఈ తండ్రీకొడుకులకు ఏం సమాధానం చెబుతారు?

ఒక్క ఉదాహరణతో వాదం తేలిపోదని మీరనవచ్చు. నిజమే, తేలదు. అయినా ఈ ఉదాహరణలో గమనించవలసిన విషయం ఒకటుంది. 'చందమామ' కథల్లో మాంత్రికుడు ఎప్పుడూ ఏదో ఒక దేశంలో, ఏదో ఒక కాలంలో ఉండేవాడు. "మీ పక్కవీధిలో కూడా ఒకడున్నాడు, జాగ్రత్త" అని ఆ కథ ఎన్నడూ చెప్పలేదు.

మొదటి పక్షం వాళ్ళ భయం మొదలయ్యేది ఇక్కడే. 1980 దశకం మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో చేతబడి, కాష్మోరా. కథ జరిగేది ఏడు సముద్రాల అవతల కాదు, మనం తిరిగే రోడ్లమీదనే. డాక్టర్లూ, ఆస్పత్రులూ ఉన్న ఈ కాలంలోనే. తెలుగుదేశం అంతా ఊపిరి బిగబట్టి చదివింది. ఇది మూఢనమ్మకాల్ని పెంచుతోందని విమర్శలూ అప్పుడే వచ్చాయి. రంగనాయకమ్మ గారు దానిమీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. రచయిత చేయి తిరిగినవాడని ఒప్పుకుంటూనే నేను ఆ విమర్శకుల మాట కొట్టెయ్యలేను. ఎందుకంటే బాణామతి చేశారనే అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టడం, పళ్ళు ఊడగొట్టడం వంటి ఘోరాలు మన పల్లెల్లో నిజంగా జరిగాయి. నవల చదివి ఎవరూ ఆ పని చేసి ఉండకపోవచ్చు. కానీ అప్పటికే ఉన్న భయానికి "ఇది నిజమే కాబోలు" అని ఒక ముద్ర పడితే అది చిన్న విషయం కాదు.

గుప్తనిధుల పిచ్చి కూడా ఇట్లాంటిదే. పాత కోటల్లో, గుళ్ళలో రాత్రిపూట గుంటలు తవ్వేవాళ్ళ వార్తలు మీరు పేపర్లో చూస్తూనే ఉంటారు. అంజనం వేసి నిధి చూపిస్తానని ఒకడు చెబుతాడు. పదిమంది డబ్బు పోగుచేసి వాడికి ఇస్తారు. ఆరేడు వందల ఏళ్ళు ఎండకూ వానకూ తట్టుకున్న విగ్రహం ఒక్క రాత్రిలో గడ్డపారకు ముక్కలవుతుంది. కథను కథగా చదవలేకపోతే జరిగేది ఇదీ.

ఈ ముక్క నాకు కొండవీడులో బాగా తెలిసివచ్చింది. కొండవీడు మీలో కొందరైనా చూసే ఉంటారు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో, చిలకలూరిపేటకు దగ్గరలో ఉంది. రెడ్డిరాజుల రాజధాని. శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా ఉన్న చోటు. కొండమీద కోటగోడలూ, బురుజులూ, వాననీటిని పట్టి ఉంచడానికి కట్టిన చెరువులూ ఇప్పటికీ ఉన్నాయి. కిందటి దసరా సెలవుల్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళ హైస్కూలు పిల్లలతో కలిసి కొండ ఎక్కాను. చెరువుగట్టు మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాక, తాము చదువుతున్న నవలల గురించి మాట వచ్చింది. ఒకడు హారీ పాటర్ ఆరో భాగంలో ఉన్నాడు. ఒకమ్మాయి వాళ్ళ తాతయ్య బైండు చేయించి దాచిన 'చందమామ' సీరియళ్ళు చదువుతోంది. ఇంకొకడు నవలలు చదవడట. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' సినిమా నాలుగుసార్లు చూశాడట. "అదీ నవల్లాంటిదే గదా మాస్టారూ!" అన్నాడు. సరే కానిమ్మన్నాను.

ఆ మాటల్లో పరుసవేది కథ వచ్చింది. ఆ ప్రాంతంలో పాతకాలం నుంచీ చెప్పుకునే కథ అది. ఒక వర్తకుడికి ఇనుమును బంగారం చేసే పరుసవేది దొరికిందట. అతడు దాన్ని ఒక రెడ్డి ఇంట దాచాడట. రెడ్డికి దాని మహిమ తెలిసి ఆశపుట్టింది. వర్తకుడు మంటల్లో పడి చనిపోయాడు. బంగారం దక్కింది గాని రెడ్డికి మనశ్శాంతి దక్కలేదు. చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా, వేమన్న అనే ఆ వర్తకుడి పేరు తన వంశంలో అందరికీ పెట్టుకుంటూ వచ్చాడని కథ. ప్రోలయ వేమారెడ్డి, అనవేమారెడ్డి, పెదకోమటి వేమారెడ్డి, రాచవేమారెడ్డి అని ఆ రాజుల పేర్లు నిజంగానే అట్లా ఉన్నాయి!

"ఇది కూడా ఫాంటసీయే గదా మాస్టారూ" అంది తొమ్మిదో తరగతి అమ్మాయి.

"ఫాంటసీ ఎట్లా అవుతుంది? రాజుల పేర్లు చరిత్ర పుస్తకంలోనే ఉంటే!" అన్నాడు పదో తరగతి అబ్బాయి.

"పేర్లు నిజమైతే మాత్రం ఇనుము బంగారమైపోద్దా అన్నా?"

ఆ అమ్మాయి వేసిన ప్రశ్నలో సగం విమర్శనాశాస్త్రం ఉంది. కథలో కొన్ని నిజమైన పేర్లూ, నిజమైన ఊళ్ళూ ఉన్నంత మాత్రాన మిగతాదంతా నిజమైపోదు. నవల చదివేటప్పుడూ అంతే, ఎవరైనా వచ్చి అంజనం వేస్తానన్నప్పుడూ అంతే.

మరి ఇనుము బంగారం అవుతుందా? కాదని ఒక్క మాటతో కొట్టిపారేస్తే అది సైన్సు కాదు. ఎందుకు కాదో చూడాలి. బంగారం పరమాణువు కేంద్రకంలో 79 ప్రోటాన్లుంటాయి. ఇనుములో ఉన్నవి 26. మీరు ఎంత కాచినా, ఏ పసరు పోసినా, ఏ రసాయనం కలిపినా మారేది పరమాణువు బయటి ఎలక్ట్రాన్ల అమరిక మాత్రమే. కేంద్రకం జోలికి ఆ వేడి వెళ్ళలేదు. శ్రీశైలం, నాగార్జునకొండ పేర్లతో ముడిపడిన సిద్ధ నాగార్జునుడి కథల్లోనూ, యూరప్ రసవాదుల కథల్లోనూ బంగారం కోసం ఇన్ని వందల ఏళ్ళు కుండలు కాచి కాచి ఓడిపోవడానికి కారణం ఇదే.

కాని కేంద్రకాన్నే కొట్టగలిగితే? 1941లో అమెరికాలో పాదరసాన్ని న్యూట్రాన్లతో కొట్టి బంగారం చేశారు. పాదరసంలో 80 ప్రోటాన్లు. ఒక్కటే ఎక్కువ, గమనించండి. వచ్చిన బంగారం రేడియోధార్మికమైనది. కొద్ది రోజుల్లో మళ్ళీ పాదరసమైపోయింది. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో సీసం కేంద్రకాలు దాదాపు కాంతివేగంతో ఒకదానినొకటి రాసుకుంటూ పోయేటప్పుడు, కొన్నిటినుంచి మూడు ప్రోటాన్లు ఊడి బంగారం కేంద్రకాలవుతున్నాయని 2025లో లెక్క చెప్పారు. 2015 నుంచి 2018 దాకా అట్లా పుట్టినవి దాదాపు 8,600 కోట్ల కేంద్రకాలు. వాటన్నిటి బరువెంతో తెలుసా? 29 పికోగ్రాములు. అంటే ఒక గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో 29 భాగాలు! అదికూడా పుట్టిన మరుక్షణంలో చెదిరిపోయింది. ఈ లెక్క చెప్పగానే సినిమా నాలుగుసార్లు చూసిన కుర్రాడు "కరెంటు బిల్లు ఎంతయ్యుంటుంది మాస్టారూ?" అని అడిగాడు. వాడికి మంచి భవిష్యత్తుంది.

అయితే రెడ్డిరాజుల సంపద ఎక్కడిది? ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కర్లేదు. పరుసవేది కథలో వర్తకుడు ఉండటం నాకు ఊరికే జరిగినట్లు తోచదు. కొండవీటి రాజ్యానికి మోటుపల్లి రేవు ఉండేది. 1358లో అనపోతారెడ్డి అక్కడ శాసనం వేయించి, సముద్రం మీద వచ్చే వర్తకులకు అభయమిచ్చాడు. సుంకాలు ఎంతో చెప్పాడు. కుమారగిరి రెడ్డికి 'కర్పూర వసంతరాయలు' అని బిరుదు. వసంతోత్సవాల్లో చల్లిన ఆ కర్పూరమూ, సుగంధద్రవ్యాలూ పైదేశాల నుంచి ఓడల్లో దిగినవే. అవచి తిప్పయశెట్టి అనే వర్తకుడు వాటిని తెప్పించేవాడు. శ్రీనాథుడు 'హరవిలాసం' ఆయనకే అంకితమిచ్చాడు. వర్తకుడి చేతిలోది రాజు చేతిలో బంగారమవడం ఆ రాజ్యంలో రోజూ జరుగుతున్న పనే! ఇట్లా చదివితే పరుసవేది కథ అబద్ధాల పుట్టగా కాక, ఒక కాలం వాళ్ళు తమ సంపద గురించీ, దాని వెనక ఉన్న తప్పు గురించీ చెప్పుకున్న కథగా కనిపిస్తుంది. నిజమని నమ్మి తవ్వినవాడికి దొరికేది రాళ్ళు. కథగా చదివినవాడికి మోటుపల్లి రేవు దొరుకుతుంది.

ఇక 'కల్పిత విజ్ఞానం' అని అట్టమీద వేసి ఉంటే చాలు, అందులో ఉన్నదంతా సైన్సే అనుకునేవాళ్ళకు ఒక లెక్క ఇస్తాను. జూల్ వెర్న్ 1865లో చంద్రుడి మీదికి ప్రయాణం గురించి నవల రాశాడు. మనుషుల్ని కూర్చోబెట్టిన గుండును ఫ్లారిడాలో పాతిన పెద్ద ఫిరంగితో పేలుస్తారు. ఫిరంగి పొడవు 900 అడుగులు, అంటే దాదాపు 270 మీటర్లు. గుండు వేగం సెకనుకు సుమారు 11 కిలోమీటర్లు. ఈ వేగం సరైనదే. భూమి ఆకర్షణ నుంచి తప్పించుకోవాలంటే అంతే కావాలి. ఇప్పుడు మీ తొమ్మిదో తరగతి సూత్రం తీసుకోండి. వేగం వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే త్వరణం వస్తుంది. 11,000 వర్గం 12 కోట్ల 10 లక్షలు. దాన్ని 540తో భాగించండి. రెండు లక్షల ఇరవై వేలు దాటుతుంది. భూమి గురుత్వ త్వరణంతో పోలిస్తే 22 వేల రెట్లకు పైగా! అంటే 50 కిలోల కుర్రవాడు ఆ గుండులో కూర్చుంటే, పేలిన క్షణంలో 1,100 టన్నుల బరువు మీద పడ్డట్టు ఉంటుంది. చంద్రుడి దాకా ఎందుకు, ఫిరంగి మూతి దాటేలోపలే కథ ముగిసిపోతుంది.

అయితే వెర్న్ నవల పనికిరానిదా? రష్యాలో సియోల్కోవ్‌స్కీ అనే బడిపంతులు వెర్న్ పుస్తకాలు చదివే అంతరిక్షయానం గురించి ఆలోచించడం మొదలుపెట్టానని చెప్పుకున్నాడు. లెక్క వేసి, ఫిరంగి పనికిరాదు, రాకెట్టు కావాలని తేల్చి 1903లో ప్రచురించాడు. 1969లో చంద్రుడి మీదికి మనుషుల్ని తీసుకెళ్ళిన రాకెట్టు కూడా ఫ్లారిడా నుంచే లేచింది. నవలలో తప్పు ఉండటం వల్ల నష్టం జరగలేదు. ఆ తప్పును పట్టుకున్న పాఠకుడు ఒకడు ఉండటం వల్ల లాభం జరిగింది.

వెల్స్ రాసిన అదృశ్యమానవుడు (1897) సంగతీ అంతే. ఒంటిలోంచి కాంతి నిరాటంకంగా వెళ్ళిపోతే మనిషి కనిపించడు, సరే. మరి అతనికి లోకం కనిపిస్తుందా? కంటిలోని రెటీనా కాంతిని పట్టుకుంటేనే చూపు. కాంతి దాన్నీ దాటిపోతే ఆ మనిషి గుడ్డివాడు. యాకొవ్ పెరెల్మాన్ అనే రష్యన్ రచయిత పిల్లల కోసం రాసిన భౌతికశాస్త్రం పుస్తకంలో ఈ తిరకాసు పెట్టాడు. ఒకప్పుడు అట్లాంటి సోవియట్ పుస్తకాలు తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికేవి. మీ ఇంట్లో అటకమీద ఉన్నాయేమో వెతకండి.

కాలయంత్రం ఆట మాత్రం కొండమీద మేం సాయంత్రం దాకా ఆడాం. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన 'ఆదిత్య 369' మీరు టీవీలో చూసే ఉంటారు. వెల్స్ 1895లో రాసిన కాలయంత్రాన్ని ఆయన తెలుగుదేశానికి తెచ్చి, హీరోను శ్రీకృష్ణదేవరాయల సభలో దింపాడు. కృష్ణరాయలు గజపతుల నుంచి కొండవీడు గెలుచుకున్నది 1515లో. "సరే, మన యంత్రం 1515లో ఈ చెరువుగట్టు మీదే దిగిందనుకోండి. ఏం చూస్తారు? తలొకటి చెప్పండి" అన్నాను. ఏనుగులు, గుర్రాలు, డేరాలు అన్నీ వచ్చాయి. ఒకడు సైనికులు సంగటిముద్ద, మిరపకాయ పచ్చడి తింటున్నారన్నాడు. అందరూ నోరూరి ఒప్పుకున్నారు.

పట్టుబడ్డారు! మిరపకాయ అమెరికా ఖండపు మొక్క. వాస్కోడగామా మన దేశం చేరిందే 1498లో. ఆ తర్వాత పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మిరప వచ్చింది. 1515 నాటికి అది కొండవీటి వంటింటి దాకా చేరిందని చెప్పడానికి ఆధారం లేదు. శ్రీనాథుడి కాలంలోనైతే అసలు ప్రశ్నే లేదు. అప్పటి కారం మిరియాల కారం. మిరప అన్న పేరులోనే మిరియం దాక్కుని ఉంది. గుంటూరు మిర్చి అని లోకమంతా చెప్పుకునే నేలమీద మిరపచెట్టే లేని రోజులు! అంతేకాదు, పొగాకు లేదు, వేరుశనగ లేదు, మొక్కజొన్న లేదు, టమాటా లేదు. కొండమీది నుంచి కిందికి చూస్తే ఇవాళ కనిపించే పైర్లలో ఎన్నిటిని చెరిపేయాలో లెక్కపెట్టుకుంటూ పిల్లలు కాసేపు మాట్లాడలేదు. నాకు ఏ మాయల నవలలోనూ దొరకని ఆశ్చర్యం అది. కాలయంత్రం నవల రాసేవాడికి సైన్సు ఒక్కటే చాలదు, వంటింటి చరిత్ర కూడా తెలియాలి.

అప్పుడు హారీ పాటర్ కుర్రాడు మరో చిక్కు వేశాడు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది గదా. యంత్రం ఉన్నచోటే ఉండి కాలంలో మాత్రం ఒక గంట వెనక్కి పోతే, అప్పటికి భూమి లక్షా ఎనిమిది వేల కిలోమీటర్ల దూరాన ఉంటుంది. యంత్రం శూన్యంలో తేలుతుంది! 'ఉన్నచోటే' అంటే దేనితో పోల్చి ఉన్నచోటు అని నేను అడిగాను. భూమితోనా, సూర్యుడితోనా, పాలపుంతతోనా? దానిమీద వాళ్ళు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారని విన్నాను. ముందుకు పోవడానికైతే ప్రకృతి కొంచెం దారి ఇచ్చింది. అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు తిరిగివచ్చిన వ్యోమగామి వయసు మనకంటే సెకనులో రెండు వందలవ వంతు దాకా తగ్గి ఉంటుంది. వెనక్కి పోయే దారి మాత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. 1957 నాటి 'మాయాబజార్' సినిమాలో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. తెరిచి చూస్తే మనకు ఇష్టమైనవాళ్ళు అందులో కనిపిస్తారు. "చూశారా, వీడియో కాల్ మనవాళ్ళకు ఎప్పుడో తెలుసు" అని వాదించే పెద్దలు బోలెడుమంది. కోరిక తెలియడం వేరు, ఉపాయం తెలియడం వేరు. దూరానున్న మనిషిని చూడాలని ప్రతి దేశంలోనూ, ప్రతి కాలంలోనూ మనుషులు కోరుకున్నారు. ఆ పెట్టెలో ఏ తీగ ఉంది, ఏ తరంగం వచ్చింది అన్నది కథ చెప్పదు. చెప్పనక్కరలేదు కూడా. అది కథ తప్పు కాదు. కథ చేత లేని సాక్ష్యం చెప్పించేవాళ్ళదే తప్పు.

సైన్సు ఫిక్షన్ రాసే శాస్త్రజ్ఞుడు ఇట్లాంటి సందర్భాన్ని ఎట్లా వాడుకుంటాడో చూడాలంటే జయంత్ నార్లీకర్ గారి (1938–2025) కథలు చదవండి. ఖగోళ శాస్త్రజ్ఞుడు. మరాఠీలో రాసేవారు. మొదటి కథను పోటీకి పంపేటప్పుడు తన పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని మారుపేరుతో పంపారు! ఆయన తోకచుక్క కథలో, భూమిని గుద్దబోతున్న తోకచుక్కను శాస్త్రజ్ఞులు రాకెట్టు పంపి పక్కకు తప్పిస్తారు. ఇంటిదగ్గర మాత్రం శాంతిహోమం వల్లనే ముప్పు తప్పిందని నమ్ముతారు. ఆ కథలో నాకు నచ్చింది రాకెట్టు కాదు, ఆ ఇల్లు.

సైన్సుతో పోట్లాడే పుస్తకాల్ని కూడా వదలకండి. విశ్వనాథ సత్యనారాయణ గారి 'హాహా హూహూ' పెద్ద క్లాసుల వాళ్ళు తప్పక చదవాలి. గుర్రపు తల ఉన్న గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. ఈ జంతువేమిటా అని అక్కడి శాస్త్రజ్ఞులు తలలు పట్టుకుంటారు. చివరికి ఎవరు ఎవర్ని పరీక్షిస్తున్నారో తెలియకుండా పోతుంది. విశ్వనాథ వారి వాదాలు చాలావాటితో నాకు పేచీ ఉంది. ఆ పేచీ పడటంలోనే నాకు చదివిన ఫలితం దక్కింది. ధైర్యం ఉంటే తెలుగు మాస్టారి సాయంతో పదహారో శతాబ్దపు పింగళి సూరన 'కళాపూర్ణోదయం' కథ కూడా చెప్పించుకోండి. ఇంకా జరగని కథను ముందే చెప్పడం, చెప్పినందువల్లనే అది జరగడం! కాలయంత్రాల రచయితలు ఇప్పటికీ తలబద్దలు కొట్టుకుంటున్న చిక్కు అది.

నవలలు లాగేసుకునే పెద్దలకు ఒక మనవి. పిల్లవాడు చేతబడి నవల దుప్పటి కింద టార్చిలైటు వెలుగులో చదివితే, రాత్రంతా వాడికి తోడు ఆ భయం ఒక్కటే. భోజనాల దగ్గర అందరి ముందూ చెబితే, "వాడు అన్ని మైళ్ళ దూరం నుంచి బొమ్మకు సూది గుచ్చితే ఇక్కడ నొప్పి ఎట్లా వచ్చిందిరా?" అని చెల్లెలే అడుగుతుంది. పుస్తకం లాక్కుంటే రెండోది జరగదు, మొదటిదే జరుగుతుంది.

ఇక ఉత్తరాలు రాసేవాళ్ళకు. 'బాగుంది' అన్నమాట తీసేసి రాయడానికి ప్రయత్నించండి. రచయిత లోకంలో లేనిది ఏం కల్పించాడు, ఒక్కటేనా, పదా? కల్పించాక తన నియమాన్ని తాను పాటించాడా, లేక హీరో చిక్కుల్లో పడ్డప్పుడల్లా కొత్త మంత్రం పుట్టించాడా? కథలో మీరు లెక్క వేసి చూసింది ఏమైనా ఉందా? నచ్చని పుస్తకం గురించి రాసినా వేస్తాం, మాకు నచ్చిన పుస్తకమైనా సరే. కొండవీటి పిల్లలు 1515లో సైనికులు ఏం తిని ఉంటారో ఇంట్లో, బడిలో, గ్రంథాలయంలో వెతికి రాస్తామని మాట ఇచ్చారు. ఆ ఉత్తరం ఇంకా రాలేదు. మిగతా ఊళ్ళవాళ్ళు మీ ఊరి పేరుతో అదే ప్రయత్నం చేయవచ్చు. పుస్తకం పేరు, రచయిత పేరు, మీ తరగతి తప్పకుండా రాయండి. కాగితానికి ఒకవైపే రాయండి.